తిరగేసిన డ్రమ్ములు

జూన్ 3

అత్తా,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉండి ఉంటావు. నా కొంప ముంచి, హోటల్లో ఏసీ కింద కూర్చుని తింటున్నవాళ్ళకి డ్రమ్ములు వాయించుకుంటున్నావు, నీకేం తక్కువ? ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరో ఒకరు ఠపీమని పెట్టేస్తాం, ఆ తర్వాత ఎవరు ముందు చేస్తారా అని మౌనవ్రతం. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు. పూర్తిగా చదివి తీరాలి.

సంగీతం స్కూల్లో చేరాను. జులై ఆఖర్లో ఆరో గ్రేడు డ్రమ్స్ పరీక్ష ఉంది. కింది గ్రేడులు రాయకుండా నేరుగా దానికే కూర్చోవచ్చు. పాసైతే చిన్నపిల్లల క్లాసుకి అసిస్టెంటు టీచరుగా తీసుకుంటామన్నారు. తీసుకుంటే ఈ కొరియర్ ఆఫీసు పీడ వదుల్తుంది. డిగ్రీ చదివి, చెవికి మైకు తగిలించుకుని "మీ పార్శిల్ దార్లో ఉందండీ" అని రోజంతా అబద్ధం చెప్పే పని నాది. అది ఏ దార్లో ఉందో దేవుడికే తెలియదు. అందుకని ఈ పరీక్ష నాకు సరదా కాదు, తలుపు. ఇది ముందు బుర్రలో పెట్టుకుని మిగతాది చదువు.

మొదటి క్లాసు. డ్రమ్స్ మాస్టారికి నేను పెట్టుకున్న పేరు గడియారం. నడిచినా మాట్లాడినా టిక్కు టిక్కుమంటాడు. వెళ్ళి సెట్టు ముందు కూర్చున్నాను. హై-హ్యాట్, అదే ఆ రెండు పళ్ళేల తాళం, నాకు కుడివైపు ఉండాలి కదా? ఎడమవైపుంది. పెద్ద డ్రమ్ము కుడివైపుంది. కాలితో కొట్టే పెడల్ కూడా కుడికాలి కింద. మన ఇంటి గదిని ఎవరో తిరగేసి పెట్టినట్టుంది. నా చేతులు ఎటు పోవాలో తెలియక గాల్లో ఆగిపోయాయి.

"ఏమ్మా, ఎడమచేతి వాటమా?"

"కాదండీ, కుడే."

"మరి ఇదేంటి, చెప్పులు తారుమారుగా వేసుకున్నట్టు? ఎవరు నేర్పారు?"

"మా మేనత్తండీ."

"ఆవిడది ఎడమా?"

"కాదండీ. కుడిచేత్తోనే వాయిస్తుంది."

"అయితే ఆవిడకి నీ మీదేదో కక్ష ఉంది."

వెనక పిల్లలందరూ పకపకా నవ్వారు. అందులో ఒకడికి ఇంకా పాలపళ్ళే.

ఇన్నేళ్ళూ నీకు తెలియదా అని అడుగుతావేమో. వీడియోల్లో అందరూ తిరగేసి వాయిస్తుంటే సెల్ఫీ కెమెరా వల్ల అలా కనిపిస్తోందనుకున్నాను. నవ్వకు. డ్రమ్ముల మీద రాతలు సరిగ్గానే ఉన్నాయి కదా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎందుకంటే నా సెట్టు పెట్టింది నువ్వు. నువ్వు పెట్టాక ఇక తప్పేముంటుంది అని.

ఎందుకలా పెట్టావు? సూటిగా జవాబు రాయి.

నీ మేనకోడలు

•

జూన్ 10

పిడుగూ,

నీ ఉత్తరం చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ మీద కాదు, ఆ గడియారం మీద. చెప్పులట! వాడి మొహం. పదిమందిలో ఒక ఆడపిల్ల చేతిని పట్టుకుని ఎగతాళి చేస్తాడా? వాడికి నేర్పినవాడికే వాడి మీద కక్ష ఉండి ఉంటుంది.

నువ్వేంటి, "కుడే" అన్నావు? ఎందుకా భయం? నీది ఎడమచెయ్యే. నాకు తెలియదా? మొట్టమొదటి రోజు రంగు డబ్బాలు బోర్లించి నీకు కర్రలిచ్చినప్పుడు, ముందు లేచింది నీ ఎడమచెయ్యి. ఆ పూటంతా అదే ముందు నడిచింది. అందుకే నీకు సెట్టు కొన్నప్పుడు ఒక్కొక్కటీ నేనే తిప్పి బిగించాను. ఎడమకాలికి పెడల్ మార్చాను. మీ నాన్న "ఇదేంటే, అన్నీ అటూ ఇటూ పెట్టావు" అని గొణిగితే నోర్మూసుకోమన్నాను.

ఒకటి గుర్తుపెట్టుకో. ఎవడొచ్చి చెప్పినా చెయ్యి మార్చకు. మార్చావంటే నేను ఊరుకోను.

ఊరుకోలేదు కూడా. మీ స్కూలు నడిపే ఆవిడకి ఇప్పుడే వేరే ఉత్తరం రాసి పోస్టులో పడేశాను. కడుపు నిండా రాశాను.

ఇక్కడ మా బ్యాండులో కీబోర్డు వాయించేవాడికి గజ్జి. గోక్కుంటూ తాళం తప్పుతున్నాడు. హోటల్ మేనేజరేమో నేను గట్టిగా కొడుతున్నానని నా మీద పడతాడు. ఎవడి తప్పు ఎవడి మీదకి పోతుందో.

అన్నం వేళకి తిను.

అత్త

•

జూన్ 18

అత్తా!

అయిపోయింది. సంతోషమా?

నువ్వు రాసిన ఆ కడుపు నిండా ఉత్తరాన్ని స్కూలావిడ మమ్మల్ని ఆఫీసు గదిలో నిలబెట్టి పైకి చదివింది. నేనొక పక్క, గడియారం ఒక పక్క, టీ ఇవ్వడానికొచ్చిన మనిషి గుమ్మంలో. "మా పిల్ల చెయ్యి ముట్టుకుంటే మీ స్కూలు గేటు ముందు సెట్టు వేసుకుని, మీ పిల్లలకి పాఠాలు వినపడకుండా రోజూ వాయిస్తాను." ఇలాంటివి రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? అయినా ఏ చేత్తో రాశావు?

గడియారం ఎర్రబడ్డాడు. "నేను ముట్టుకోలేదు. ఇక ముట్టుకోను. నేర్పను కూడా. పరీక్షకి డబ్బు కట్టింది కాబట్టి వెళ్ళి రాసుకోమనండి," అన్నాడు. అంతే. పరీక్ష నెత్తి మీద ఉంది, మాస్టారు లేడు. వాయించాల్సిన పీసులు మూడున్నాయి. మొదటిది నింపాదిగా నడుస్తుంది, అది వచ్చు. రెండోది పరుగు, సగం వచ్చు. మూడోది ఏడు లెక్కల తాళం. దాని పేజీ చూస్తే చీమలు గుడ్లు మోస్తున్నట్టుంటుంది. దాన్ని ఎవరు విడమరిచి చెబుతారు? నువ్వా, గజ్జి కీబోర్డా?

ఇంకో మాట. నాది ఎడమచెయ్యి కాదు. నేను కుడిచేత్తో రాస్తాను. కుడిచేత్తో తింటాను. కుడిచేత్తో తల దువ్వుకుంటాను, తలుపు తాళం తీస్తాను, ఈగని కొడతాను. ఆఫీసులో నా మీద అరిచే కస్టమర్ ఫోన్ పెట్టేశాక కుడి అరచేత్తోనే బల్ల చరుస్తాను. ఇంకెలా చెప్పాలి?

నాకు ఉద్యోగం రాకూడదనే రాశావా ఆ ఉత్తరం? హోటళ్ళ వెంట తిరిగే నీకు సర్టిఫికెట్ లేదు, నాకొస్తుందని కడుపుమంటా? ఈ మాట రాయకూడదు. రాశాను. కొట్టెయ్యను.

నేను

•

జూన్ 25

పిడుగూ,

కడుపుమంట మాట చదివాను. దాని సంగతి కలిసినప్పుడు చెబుతాను, నోటితో కాదు.

కుడిచెయ్యి, కుడిచెయ్యి అని ఒకటే పాట. ఆ పాట నాకు తెలుసు. నీ వయసు కంటే చాలా చిన్నప్పుడు నేనూ పాడాను. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, నేను రాసుకోడానికి కూర్చోగానే నా ఎడమచేతిని పాతగుడ్డ పేలికతో నడుముకి కట్టేసేది. చెడ్డది కాదు, కొట్టేది కాదు. ముద్దుగానే కట్టేది, "బంగారుతల్లివి కదూ" అంటూ. ఎవరైనా చుట్టాలొచ్చి "ఏ చెయ్యమ్మా నీది?" అంటే కుడే అనేదాన్ని. గట్టిగా, నీలాగే. బల్ల కింద ఎడమచేత్తో బొమ్మలు గీసేదాన్ని. అది చూసి పరిగెత్తుకెళ్ళి చాడీలు చెప్పింది ఎవరో మీ నాన్ననే అడుగు. పెద్దమనిషిలా పేపరు చదువుతూ ఉంటాడుగా, ఆ పేపరు పక్కన పెట్టమని అడుగు.

డ్రమ్స్ నేర్చుకున్నప్పుడూ అంతే. బ్యాండులో ఉన్నది ఒక్క సెట్టు, కుడిచేతిది. కూర్చో, లేదా పో అన్నారు. కూర్చున్నాను. ఇప్పటికీ అలసిపోయిన రోజు నా ఎడమచెయ్యి ముందుకి రాబోయి ఆగుతుంది, ఎవరో పట్టుకున్నట్టు.

అందుకని నువ్వు "కుడే" అంటే నేను నమ్మను. నిన్నెవరు కట్టేశారో చెప్పు. స్కూల్లో టీచరా? నువ్వు పెన్సిలు కుడిచేత్తో పట్టుకోవడం నేను చూడలేదనుకున్నావా? చూశాను. ఎవరో మార్చేశారని మీ ఒకటో తరగతి పంతులమ్మని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. కనీసం డ్రమ్ముల దగ్గరైనా ఈ పిల్లని దాని చేతికి వదిలెయ్యాలనుకున్నాను. అదీ నేను చేసిన నేరం.

ఏడు లెక్కల పీసుని నాలుగు, మూడుగా విడగొట్టుకో. మూడు దగ్గర నీకు తొందరెక్కువ. నడిచి చూడు, మెట్లెక్కుతూ లెక్కపెట్టు.

ఇంకా కోపంగానే ఉన్న,
అత్త

•

జులై 4

అత్తా,

నాన్నని అడిగాను. పేపరు పక్కన పెట్టాడు.

"అవును, నేనే చెప్పేవాణ్ణి. చెబితే అమ్మ నన్ను మెచ్చుకునేది," అన్నాడు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కానీ నీ చెయ్యి కుడేనే. పాలసీసా కూడా కుడిచేత్తోనే విసిరేదానివి. నా నుదుటి మీద ఈ మచ్చ అదే. మీ అత్త ఎందుకు తిప్పి పెట్టిందో నాకప్పుడూ అర్థం కాలేదు. అడిగితే నోర్మూసుకోమంది."

నోర్మూసుకున్నాడు. మీ ఇద్దరి మధ్యా నేను.

ఇక విను. మనం ఎక్కడ నేర్చుకున్నామో గుర్తుందా? వెనక గదిలో, బీరువాకీ గోడకీ మధ్య. పక్కపక్కన ఇద్దరు పట్టరు. నువ్వు కుర్చీలో, నేను నీ ఎదురుగా పీట మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. "నన్ను చూసి అచ్చం అలాగే చెయ్యి," అన్నావు. నువ్వు కుడిచెయ్యి ఎత్తావు. నా కళ్ళకి ఎదురుగా ఉన్న చెయ్యి ఎత్తాను. అది ఎడమ. నువ్వు కుడికాలు ఆడించావు, నేను ఎడమకాలు. అచ్చం అలాగే చేశాను, అత్తా. నువ్వు చెప్పినట్టే చేశాను. నువ్వు మురిసిపోయి నా తల నిమిరావు. ఎందుకు నిమిరావో నాకిప్పుడు తెలుస్తోంది. ఒళ్ళు మండిపోతోంది.

నీ కళ్ళ ముందున్న పిల్లని నువ్వు చూడలేదు. కట్టేసిన నీ చెయ్యే కనిపించింది నీకు. దాన్ని విడుదల చేశానని సంబరపడ్డావు. మరి నా చెయ్యి?

సెట్టు తిప్పి చూశాను. ఆదివారమంతా అదే. కుడిచేత్తో మొదలుపెడితే నా కాళ్ళు ఎవరివో అనిపిస్తాయి. నింపాది పీసు కూడా నింపాదిగా కూలిపోయింది. కింది వాటాలో లెక్కల టీచరు చీపురు కర్రతో సీలింగు పొడిచాడు. ఎప్పుడూ పొడుస్తాడు, కానీ ఇవాళ మొదటిసారి ఆయన కర్రే నాకంటే తాళంలో ఉంది. కర్రలు గోడకేసి కొట్టాను. సున్నం రాలింది. నాన్న వచ్చి చూసి, చీపురు తెచ్చి ఊడ్చి వెళ్ళాడు.

కుడి రాదు. ఎడమ నాది కాదు. పరీక్ష దగ్గరపడింది. రోజంతా ఆఫీసులో "దార్లో ఉందండీ, దార్లో ఉందండీ." నువ్వు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

•

జులై 12

పిడుగూ,

రాస్తాను. ఎందుకు రాయను?

ఆ గదిని తలుచుకుంటూ కూర్చున్నాను. పక్కనున్న అద్దంలో చెయ్యి ఎత్తి చూసుకున్నాను. నువ్వు చెప్పిందే నిజం. నాకెంత కోపం వచ్చిందంటే, ఆ పూట బ్యాండులో ఎవరితోనూ మాట్లాడలేదు, తింటున్నవాళ్ళు ఉలిక్కిపడేలా వాయించాను. మేనేజరొచ్చాడు. వాణ్ణి పంపేసిన తీరు రాయను, నువ్వు నేర్చుకుంటావు.

నన్ను క్షమించమని అడుగుతానని ఎదురుచూడకు. అది తీరిగ్గా అడగాల్సింది. ఇప్పుడు పరీక్ష ఉంది. పని మాట విను.

సెట్టు మళ్ళీ ఎడమకే తిప్పెయ్. ఎడమ నాది కాదంటున్నావు. ఇన్నేళ్ళు దాంతో వాయించాక ఇంకెవరిదే? నాదా? నేను దాని మీద ఒక్కనాడు కూర్చోలేదు. నేను పొరపాటుగా ఇచ్చి ఉండొచ్చు, అరగదీసి పని నేర్పింది నువ్వు. పరీక్షవాళ్ళకి ఎడమచేతి సెట్టు అని ముందే చెప్పు, తిప్పుకోనిస్తారు. కానీ టైము ఎక్కువివ్వరు. సెట్టు తిప్పడమే నాలుగో పీసు అనుకో. దాన్నీ సాధన చెయ్యి. స్టూలు ముందు. స్టూలు నీకు కుదిరితే మిగతావన్నీ దాని చుట్టూ వస్తాయి. తర్వాత పెడల్. తాళాలు ఆఖర్న. మీ నాన్నని అవతలివైపు పట్టుకోమను. చిన్నప్పుడు చాడీలు చెప్పిన నోటికి ఇప్పుడు డ్రమ్ము మోయడమే పని.

మీ పరీక్ష పుస్తకం తెప్పించి చూశాను. ఏడు లెక్కల పీసులో రెండో వరుస చివర చెయ్యి తిప్పే చోట కంగారు పడతావు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచుకో.

ఆ గడియారానికి నేను మళ్ళీ ఉత్తరం రాయను. ఒట్టు.

అత్త

•

ఆగస్టు 21

అత్తా,

ఫలితం వచ్చాక రాద్దామని ఆగాను. మొదటి నుంచీ చెబుతాను. ఆఖరుకి గెంతకు.

వెళ్ళేసరికి తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నది ఎవరనుకున్నావు? గడియారమే. నన్ను చూసి చేతిలో ఉన్న కాగితం వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. లోపలికి పిలిచారు. ఎగ్జామినరు బక్కపల్చని మనిషి, ముందే చెప్పాం కాబట్టి "తిప్పుకోండి" అంది. స్టూలు, పెడల్, మోకాళ్ళ మధ్య ఉండే స్నేర్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, అన్నీ చకచకా అయిపోయాయి. నాన్నతో నాలుగో పీసు బాగానే నడిచింది కదా ఇంట్లో. తీరా హై-హ్యాట్ స్టాండు మర బిగుసుకుపోయింది. రెండు చేతులూ పెట్టి తిప్పాను. కదలదు. ఎగ్జామినరు గడియారం చూసుకుంది, గోడదాన్ని.

తలుపు దగ్గరి గడియారం లోపలికొచ్చాడు. జేబులోంచి బిగింపు తాళంచెవి తీశాడు. మోకాలి మీద కూర్చుని మర వదులు చేశాడు. స్టాండు నా కుడివైపుకి తెచ్చి నేల మీద రెండుసార్లు ఆనించి చూశాడు. లేస్తూ నా చెవి దగ్గర, "అయినా ఇది తప్పే," అన్నాడు.

"సరేనండీ," అన్నాను. పళ్ళు బిగించే అన్నాను.

ఆ కోపం మీదే వాయించాను. ఆయన మీద, నీ మీద, నాన్న మీద, నాయనమ్మ కట్టిన పేలిక మీద, దార్లో ఉన్న పార్శిళ్ళన్నిటి మీద. నింపాది పీసుకి కోపం పనికిరాలేదు, అక్కడ కొంచెం పోయింది. పరుగు బాగా వచ్చింది. ఏడు లెక్కలది మొదలయ్యాక నాకు ఏమీ వినపడలేదు. చెయ్యి తిప్పే చోట మోచెయ్యి ఒంటికి ఆనింది. దాటేశాను. అయిపోయాక చూస్తే కర్ర చివర చీలిపోయి ఉంది.

పాసయ్యాను. అంత గొప్పగా కాదు. అప్పటికప్పుడు ఇచ్చిన పేజీ చూసి వాయించేదాంట్లో చావు తప్పింది. కింద ఎగ్జామినరు రాసింది: "బలం మెండు. శ్రోతలు శత్రువులు కారని గుర్తుంచుకోవాలి."

శనివారాల క్లాసు నాకిచ్చారు. కొరియర్ వాళ్ళకి రాజీనామా ఇచ్చాను. మేనేజరు "ఎందుకు?" అంటే "దార్లో ఉన్నానండీ" అన్నాను.

మొదటి క్లాసులో పాలపళ్ళవాడు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. స్టూలు లాగి పక్కన వేయించాను. ముందు పెన్సిలిచ్చి, ఏ చేత్తో పట్టుకుంటాడో చూసి, తర్వాతే కర్రలిచ్చాను.

నా కోపం తగ్గలేదు. తగ్గిందని ఎవరైనా చెబితే నమ్మకు. కానీ ఇంట్లో ఈ సెట్టు చూస్తూ ఉంటే ఒకటి తడుతోంది. ఇది ఎడమచేతివాళ్ళ కోసం ఎడమచేతివాళ్ళు పెట్టిన సెట్టు. అలాంటి మనిషి మనింట్లో ఒక్కరే ఉన్నారు. ఆవిడ దాని మీద ఒక్కనాడు కూర్చోలేదని ఆవిడే రాసింది. చదివినప్పుడు తిట్టుకుంటూ దాటేశాను. ఇప్పుడు దాటలేకపోతున్నాను.

వచ్చి కూర్చో.

పిడుగు

•

ఆగస్టు 29

ఒసేయ్ టీచరమ్మా,

ముందు తప్పు దిద్దించుకో. నువ్వు ఎడమ సెట్టు మీద వాయిస్తావు కదా? నిన్ను ఎదురుగా చూసి చేసే కుడిచేతి పిల్లలకి కుడే వస్తుంది. తిన్నగా కూర్చోబెట్టాల్సిన వాణ్ణి పక్కకి లాగావు. ఇంత చదువూ చదివి ఏం లాభం? కాగితం మీద గీసి చూసుకో.

ఆ గడియారానికి థాంక్స్ చెప్పావా? నా తరఫున వద్దు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం హోటల్లో హాలు ఖాళీగా ఉంది. సెట్టు తిప్పాను. స్టూలు ముందు. గజ్జివాడు వచ్చి "అక్కా, పిచ్చెక్కిందా?" అన్నాడు. వాణ్ణి టీకి పంపించాను. కూర్చున్నాను. ఎడమచెయ్యి పైకెత్తాను. ఎవరూ పట్టుకోలేదు. అయినా ఆగింది కాసేపు, అడుగుతున్నట్టు.

నీ నింపాది పీసు వాయిద్దామని చూశాను. మొదటి వరుస కూడా దాటలేదు. ఇన్నేళ్ళు జీతం తీసుకుని వాయించినదాన్ని, రంగు డబ్బాల మీద కొట్టే పిల్లలా తడబడ్డాను. చెయ్యి దాందే, పని రాదు దానికి. ఎవరూ నేర్పలేదు. కర్రలు కింద పడేసి, ఖాళీ హాల్లో మా అమ్మని నోటికొచ్చినట్టు తిట్టాను. పోయిన మనిషిని తిట్టకూడదంటారు. తిట్టాను. తర్వాత కర్రలు తీసుకుని మళ్ళీ మొదటి వరుస.

నాకు మండుతూనే ఉంది. సెలవడిగితే మేనేజరు ఇవ్వనన్నాడు. ఇవ్వననడానికి వాడెవడు? వచ్చే శనివారం దిగుతున్నాను. మీ నాన్నని స్టేషనుకి రమ్మను, సామాను మోయాలి. నువ్వు రానక్కర్లేదు, క్లాసు చూసుకో.

నాకు ఆ నింపాది పీసు మొదటి వరుస నుంచీ నేర్పాలి. విసుక్కుంటే ఊరుకోను. నేను వచ్చేలోగా సెట్టు కదిలించావో, చూడు.

అత్త